ముందు లోహం, తర్వాత చెక్క: చేత్తో చేసిన ఇత్తడి హార్డ్‌వేర్‌తో ఎలక్ట్రిక్ గిటార్ తయారీ

గిటార్ చేద్దామనుకోగానే చాలామంది ముందు చెక్క కొంటారు. బాడీ కోస్తారు, నెక్ అమరుస్తారు, ఆఖర్న బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) సంగతి చూస్తారు. కొన్న బ్రిడ్జితో ఈ పద్ధతి నడుస్తుంది, ఎందుకంటే దాని ఎత్తు, వెడల్పు, రంధ్రాల దూరం ముందే తెలుసు. చేత్తో చేసే బ్రిడ్జి అలా కాదు. గీసిన బొమ్మకూ చేతికొచ్చిన వస్తువుకూ అర మిల్లీమీటరైనా తేడా వస్తుంది. ఎత్తులో వచ్చిన తేడా నెక్ పాకెట్ (బాడీలో నెక్ కూర్చునే గుంట) లోతును మారుస్తుంది, తీగల మధ్య దూరంలో వచ్చిన తేడా పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఎంపికను మారుస్తుంది. అందుకే ఈ మార్గదర్శి అంతటికీ ఒకటే నియమం: లోహపు పని పూర్తయి, భాగాలు బల్ల మీదికి వచ్చి, వెర్నియర్‌తో కొలిచాకే చెక్క మీద రంపం పెట్టాలి.

ఇక్కడ తీసుకున్న నమూనా 648 మి.మీ. స్కేలు (తీగ మోగే పొడవు), 22 ఫ్రెట్లు, బోల్టులతో బిగించే నెక్, తీగలు బాడీ వెనక నుంచి దూరి వచ్చే స్థిరమైన బ్రిడ్జి. బ్రిడ్జి మీద సాడిళ్లుగా, అంటే తీగలు ఆనే ముక్కలుగా, మూడు ఇత్తడి గొట్టాలుంటాయి (పేరుకే గొట్టాలు, నిజానికి గట్టి కడ్డీ ముక్కలు), ఒక్కో దాని మీద రెండేసి తీగలు. 1950లో ఫెండర్ కంపెనీ తెచ్చిన తొలి సాలిడ్ బాడీ గిటార్ల బ్రిడ్జి ఇదే తరహాది. ఆరు తీగలకు ఆరు సాడిళ్లు చేయడం కంటే ఇది చాలా తేలిక. పైగా గొట్టం మధ్యలో వెళ్లే స్క్రూకు అటొక తీగ, ఇటొక తీగ ఉండటంతో ఒకదానికొకటి అడ్డు రావు.

ఏ లోహం, ఎందుకు

తొలి గిటార్‌కు ఇత్తడే మంచిది. హ్యాక్సాకు, ఆకురాయికి సులువుగా లొంగుతుంది, మర శుభ్రంగా పడుతుంది, అయస్కాంతానికి అంటదు కాబట్టి పికప్ మీద ప్రభావం చూపదు. కడ్డీల రూపంలో దొరికే ఫ్రీ కటింగ్ ఇత్తడిలో సుమారు 3 శాతం సీసం ఉంటుంది. పొడి పొడిగా తెగడానికి కారణం అదే. పని ముగిశాక చేతులు సబ్బుతో కడిగి గానీ అన్నం ముట్టకండి.

అల్యూమినియం తేలికే గానీ మర త్వరగా అరిగిపోతుంది. ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలకు అది పనికిరాదు, నాబ్‌లకు, కంట్రోల్ ప్లేటుకు బాగుంటుంది. నెక్ కూడా అల్యూమినియంతో చేయాలనే కోరిక ఉంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి: వేడికి అల్యూమినియం వ్యాకోచం చెక్క పోగు దిశలో కంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువ. 1930ల తొలినాళ్లలో వచ్చిన రికెన్‌బాకర్ అల్యూమినియం ల్యాప్ స్టీల్ వేదిక దీపాల వేడికి శ్రుతి తప్పేది. 1970ల్లో అల్యూమినియం నెక్‌లతో వచ్చిన ట్రావిస్ బీన్ గిటార్లనూ ఈ చిక్కు వదల్లేదు.

పికప్ మీది మూత మాత్రం ఇత్తడితో చేయకండి. ఇత్తడి విద్యుత్తును బాగా మోస్తుంది. కాయిల్ చుట్టూ ఉంటే అందులో సుడి ప్రవాహాలు పుట్టి పై స్వరాల మెరుపును తినేస్తాయి. మంచి మూతలు జర్మన్ సిల్వర్‌తో (రాగి, నికెల్, జింకు మిశ్రమం) చేసేది అందుకే.

ముందు భాగమంతా ఇత్తడి రేకు తొడిగితే చూడ్డానికి గొప్పగా ఉంటుంది. లెక్క వేసి చూడండి: సుమారు 900 చదరపు సెంటీమీటర్ల ముఖానికి 1.5 మి.మీ. రేకు వేస్తే దాని బరువే కిలో దాటుతుంది. అంతకంటే చిన్న కంట్రోల్ ప్లేటు మీద నగిషీ చేయించడం తెలివైన పని. జనగామ జిల్లా పెంబర్తి పనివాళ్లది ఇత్తడి రేకు మీద నగిషీలో తరాల చేయి. నగిషీ పూర్తయ్యాకే రేకు కత్తిరించి రంధ్రాలు వేయండి, సుత్తి దెబ్బలకు రేకు సాగి ముందు పెట్టిన గుర్తులు కదిలిపోతాయి. ఉబ్బెత్తు బొమ్మల వెనక బోలు భాగాన్ని ఎపాక్సీతో నింపకపోతే కొన్ని స్వరాల దగ్గర రేకు జరజరలాడుతుంది.

కొనాల్సినవి

- 3 మి.మీ. ఇత్తడి ప్లేటు, 150 × 80 మి.మీ. ముక్క: బ్రిడ్జి పీటకు, నెక్ ప్లేటుకు
- 12 × 6 మి.మీ. ఇత్తడి పట్టీ, 220 మి.మీ.: బ్రిడ్జి వెనక గోడకు, తీగల దిమ్మకు, నట్‌కు (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ)
- 8 మి.మీ. గుండ్రటి ఇత్తడి కడ్డీ, 100 మి.మీ.: మూడు గొట్టాలకు, పాడైతే మరోదానికి
- 20 మి.మీ. కడ్డీ, 60 మి.మీ.: రెండు నాబ్‌లకు
- స్టెయిన్‌లెస్ స్క్రూలు: తల లేని ఎం3 × 10 ఆరు, ఎం3 × 35 మూడు, కౌంటర్‌సింక్ (లోహంలోకి దిగి చదునుగా కూర్చునే) తల ఎం3 × 8 నాలుగు
- 25 మి.మీ. పొడవు, 5 మి.మీ. వెలుపలి వ్యాసం ఉన్న స్ప్రింగులు మూడు
- ఎం3 ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) సెట్టు, 2.5 మి.మీ. డ్రిల్ బిట్లు కనీసం మూడు

హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లకు రాణిగంజ్‌లో, విజయవాడ వాళ్లకు ఆటోనగర్ పరిసరాల్లో వెతికితే ఇవి దొరుకుతాయి. ఇత్తడి తూకానికి అమ్ముతారు, తెగిన ముక్కలు అడిగితే చవగ్గా వస్తాయి. ట్యూనర్లు మాత్రం చేయాలనుకోకండి. వాటిలోని పురి గేరు ఇంటి పనిముట్లతో తేలదు. పాట్లు (నాబ్‌ల కింద తిరిగే పొటెన్షియోమీటర్లు), జాక్, పికప్‌లు, ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) కూడా కొనాల్సినవే.

బ్రిడ్జి పీట

72 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. పొడవు ఉండేలా ప్లేటు కోయండి. ఇంకు పూసి ఆరాక, వెర్నియర్ కొనతో మధ్య గీత గీయండి. గీతలన్నీ ఆ మధ్య గీత నుంచే కొలవాలి, అంచు నుంచి కాదు. ఆకురాయితో దిద్దిన అంచు ఎప్పుడూ ఖచ్చితంగా ఉండదు.

తీగల మధ్య దూరం 10.5 మి.మీ. అంటే మధ్య గీతకు ఇరువైపులా 5.25, 15.75, 26.25 మి.మీ. దగ్గర గుర్తులు. ముందు అంచు నుంచి 28 మి.మీ. వెనక ఈ ఆరు రంధ్రాల వరుస వస్తుంది. గొట్టాలు ఈ వరుసకు సుమారు 16 మి.మీ. ముందు నిలుస్తాయి. ఆ దూరానికి తీగ గొట్టం మీద 30 డిగ్రీల పైచిలుకు వంగుతుంది, గట్టిగా ఆనడానికి అది చాలు.

ఇప్పుడు పట్టీ నుంచి 70 మి.మీ. ముక్క కోసి పీట కింద జత చేసి, రెంటినీ కలిపి బిగించి ఒకేసారి 2.5 మి.మీ. రంధ్రాలు వేయండి. ఆ పట్టీ బాడీ వెనక తీగల గుండ్లను పట్టుకునే దిమ్మ అవుతుంది. రెంటినీ ఒకేసారి తొలిస్తే దూరాలు ఎంత తప్పినా రెంటిలోనూ ఒకేలా తప్పుతాయి. తీగలు వంకర పోవు. తర్వాత దిమ్మను విడదీసి, వెనక వైపు ప్రతి రంధ్రాన్నీ 5 మి.మీ. బిట్‌తో 3.5 మి.మీ. లోతుకు వెడల్పు చేయండి. తీగ చివర గుండు 4 మి.మీ.కు అటూఇటుగా ఉంటుంది, అందులో కూర్చుంటుంది.

ఇత్తడిని తొలిచేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. కొత్త డ్రిల్ బిట్ అంచు ఇత్తడిని కోయడానికి బదులు స్క్రూలా లోపలికి లాక్కుంటుంది. అలా అవతలికి దూసుకుపోయే క్షణంలోనే ప్లేటు చేతిలోంచి లేచి గిర్రున తిరుగుతుంది. బిట్ కోత అంచు మీద నూరుడు రాయితో రెండు మూడుసార్లు నిలువుగా రుద్ది, ఆ వాడి కోణాన్ని చదును చేస్తే లాగడం ఆగిపోతుంది. ప్లేటును మాత్రం ఎప్పుడూ చేత్తో పట్టుకోవద్దు, వైస్‌లోనో క్లాంపులతోనో బిగించాల్సిందే.

వెనక గోడకు పట్టీలో 64 మి.మీ. ముక్క తీసుకుని ఎత్తు 10 మి.మీ.కు దించండి. 3 మి.మీ. ప్లేటును వంచి గోడ చేద్దామంటే వంపు దగ్గర పగుళ్లు వస్తాయి, పైగా అంచు గుండ్రంగా తేలుతుంది. వేరే ముక్కను కింద నుంచి నాలుగు కౌంటర్‌సింక్ స్క్రూలతో బిగించడమే శుభ్రమైన దారి. ఆ స్క్రూలు మధ్య నుంచి 10.5, 28 మి.మీ. దూరాల్లో ఇరువైపులా వస్తాయి. ఇంటొనేషన్ (ఫ్రెట్ల మీద నొక్కినప్పుడు శ్రుతి కుదరడం) స్క్రూల కోసం గోడలో మూడు రంధ్రాలు: ఒకటి మధ్యలో, రెండు 21 మి.మీ. అటూఇటూ. పీట పైముఖం నుంచి 6 మి.మీ. ఎత్తున, 3.4 మి.మీ. వ్యాసంతో వేయండి.

చివరగా నాలుగు మూలల్లో 3.5 మి.మీ. చెక్క స్క్రూలకు రంధ్రాలు. పీట, గోడ, గొట్టాలు కలిపి 140 గ్రాముల దాకా తూగుతాయి.

గొట్టాలు: గిటార్ గొంతు ఇక్కడే

8 మి.మీ. కడ్డీ నుంచి 20 మి.మీ. ముక్కలు మూడు. కొలత 21 కాకుండా 20 ఎందుకంటే, ఇవి కాస్త ఏటవాలుగా నిలవాలి, మూలలు పక్కదానికి తగలకూడదు.

ఏటవాలు ఎందుకో చూడండి. ఫ్రెట్ మీద నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి ప్రతి తీగకూ సాడిల్‌ను కొంత వెనక్కి జరపాలి. ఆ వెనక్కి ఎంతన్నది తీగ తీగకూ మారుతుంది. 0.010 నుంచి 0.046 అంగుళాల సెట్టులో (1వ తీగ అన్నింటికంటే సన్నది, 6వది లావుది) 6వ తీగ 5వ దాని కంటే, 3వ తీగ 4వ దాని కంటే, 2వ తీగ 1వ దాని కంటే సుమారు 1 మి.మీ. వెనక ఉండాలి. ఒకే గొట్టం మీద రెండు తీగలుంటే రెండూ ఒకేసారి కుదరవని, మూడు గొట్టాల బ్రిడ్జి శ్రుతిలో నిలవదని అంటారు. గొట్టం నడిమి రంధ్రాన్ని సుమారు 5 డిగ్రీలు వాలుగా తొలిస్తే ఆ మాటకు తావుండదు: స్క్రూ నిటారుగానే వస్తుంది, గొట్టం మాత్రం దానంతటదే ఏటవాలుగా కూర్చుంటుంది. మధ్య గొట్టం వాలు మిగతా రెంటికీ వ్యతిరేక దిశలో ఉండాలి. బొమ్మ గీసి, గొట్టాల కింద 6–5, 4–3, 2–1 అని గోకి గుర్తు పెట్టుకోకపోతే కలిసిపోవడం ఖాయం.

తొలిచే వరుస ఇది. ఏదైనా చెక్క ముక్కలో వి ఆకారపు గాడి చేసి గొట్టాన్ని అందులో పెట్టండి. రెండు చివర్ల నుంచి 2.3 మి.మీ. లోపల పంచ్ కొట్టి 2.5 మి.మీ. బిట్‌తో నిలువుగా ఆరపార తొలవండి. ఇవి ఎత్తు స్క్రూలవి. తర్వాత గొట్టాన్ని పావు వంతు తిప్పి, చెక్క ముక్క కింద ఒకవైపు ఎత్తు పెట్టి 5 డిగ్రీల వాలు తెచ్చి, నడిమి రంధ్రం తొలవండి. 100 మి.మీ. పొడవున్న చెక్కకు ఒక చివర 8.7 మి.మీ. లేపితే 5 డిగ్రీలు వస్తుంది.

మర కోసేటప్పుడు ట్యాప్ విరగడం ఈ పని మొత్తంలో మనసును అన్నింటికంటే కుంగదీసే ఘట్టం. విరగడానికి మూడే కారణాలు: రంధ్రం 2.5 కంటే ఇరుకుగా ఉండటం, ట్యాప్ వంకరగా దిగడం, గాళ్లలో పొట్టు నిండినా తిప్పుతూ పోవడం. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. రెండు చుట్లకోసారి బయటికి తీసి బ్రష్‌తో దులపండి. ఒకవేళ విరిగితే గొట్టాన్ని పారేయకండి. పటికను నీళ్లలో ఇక కరగనంత వరకు కలిపి, గొట్టాన్ని అందులో వేసి, మరగనీయకుండా వేడిగా ఉంచండి. పటిక నీరు ఉక్కును తినేస్తుంది, ఇత్తడి జోలికి పోదు. కొన్ని గంటల్లో ట్యాప్ ముక్క నల్లబడి పొడిపొడిగా రాలుతుంది, మొండిగా ఉంటే ఒక రోజు పడుతుంది. గిన్నె ఇనుముది కాకూడదు, వంట గిన్నె అసలే కాకూడదు. స్టెయిన్‌లెస్ స్క్రూ ఇరుక్కుంటే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

ఇక తీగ ఆనే గాడి. మధ్య నుంచి 5.25 మి.మీ. దూరంలో ఇరువైపులా సన్నని గుండ్రటి ఆకురాయితో గాడి దిద్దాలి. లోతు తీగ మందంలో సగం, వెడల్పు తీగ కంటే కాస్తే ఎక్కువ. ముఖ్యమైన సంగతి: తీగ గొట్టం శిఖరం మీద ఒక్కచోట మాత్రమే ఆనాలి, గాడి అక్కడి నుంచి వెనక్కి దిగిపోవాలి. వీణలో బ్రిడ్జి మీది లోహపు రేకును కావాలనే చదునుగా, అతి స్వల్ప వంపుతో తీరుస్తారు, తీగ దాని మీద పాకుతూ ఆ ప్రత్యేకమైన నాదం ఇస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో అదే జరిగితే గొంతు జీరబోయినట్టు మోగుతుంది, ఇంటొనేషన్ ఎంత తిప్పినా కుదరదు. గాడి ముందు అంచు దిగబడి ఉందేమో భూతద్దంతో చూడండి.

గాడి దిద్దాక 600, 1000, 2000 నంబరు ఎమరీ కాగితాన్ని దారంలా మెలిపెట్టి లోపల రుద్దండి. గోరు తగిలితే ఎక్కడా పట్టకూడదు. తీగలు పదే పదే ఒకేచోట తెగుతున్నాయంటే నూటికి తొంభై పాళ్లు గాడిలోనో, పీట రంధ్రం అంచునో బర్ (కోతలో మిగిలే పదునైన లోహపు ముల్లు) మిగిలిందనే అర్థం. పీట మీది ఆరు రంధ్రాల అంచులను కూడా కౌంటర్‌సింక్ బిట్‌తో చేత్తో తిప్పి మొద్దుబార్చండి.

మిగతా లోహ భాగాలు

నెక్ ప్లేటు 64 × 51 మి.మీ. నాలుగు రంధ్రాలు 51 × 38 మి.మీ. దూరంలో ఉండటం చాలాకాలంగా వస్తున్న కొలత, అదే పాటిస్తే రేపు మరో నెక్ మార్చుకోవాలన్నా ఇబ్బంది ఉండదు. అంచులు బాగా గుండ్రం చేయండి, వాయించేవాళ్ల చేయి ఆనేది అక్కడే.

నట్‌కు పట్టీలో 43 మి.మీ. ముక్క. ఇత్తడి నట్ ఎముక కంటే నెమ్మదిగా అరుగుతుంది, కానీ పొరపాటున లోతుగా కోస్తే పొడి, జిగురు పెట్టి పూడ్చే వీలు లేదు. కాబట్టి గాళ్లను ఇప్పుడు గుర్తు మాత్రం పెట్టి వదిలేయండి, చివరి దిద్దుబాటు తీగలు బిగించాకే. 1వ తీగ నుంచి 6వ తీగకు నట్ దగ్గర 35.5 మి.మీ. దూరం.

నాబ్‌లకు లేత్ కావాలి. తొలిచేముందు పాట్ కడ్డీ కొలవండి: కొన్ని 6 మి.మీ., కొన్ని 6.35 మి.మీ. నాబ్ లోపల తొలిచాకే ఈ తేడా బయటపడితే కడ్డీ వృథా. 20 మి.మీ. వ్యాసం, 18 మి.మీ. ఎత్తున్న గట్టి ఇత్తడి నాబ్ 45 గ్రాముల పైనే తూగుతుంది, కింద వైపు బోలు చేయించండి. పక్కన ఎం3 మర వేసి తల లేని స్క్రూతో బిగించాలి.

మెరుగు, పూత

240 నంబరుతో మొదలుపెట్టి 400, 800, 1500 వరకు ఒకే దిశలో రుద్ది ఆపేస్తే సిల్కులాంటి మెరుపు నిలుస్తుంది, వేలిముద్రలు కనబడవు. అద్దంలా మెరవాలంటే బఫ్ చక్రం. దాని కింద రంధ్రాల అంచులు సాగిపోతాయి కాబట్టి ఒత్తిడి తక్కువగా పెట్టాలి. చింతపండుతో తోమకండి. ఇంట్లో గిన్నెలకు అది మంచిదే, కానీ ఇక్కడ పులుపు మరల్లో మిగిలిపోయి ఇత్తడిలోని జింకును లాగేస్తుంది, గులాబీ మచ్చలు తేలుతాయి, స్క్రూలు బిగుసుకుంటాయి. కోస్తాలో ఉండేవాళ్లకు ఉప్పుగాలి వల్ల ఇత్తడి త్వరగా నల్లబడుతుంది, నికెల్ పూత వేయించుకోవడం మేలు. పూత మరల్లోనూ పడుతుంది, వచ్చాక ప్రతి రంధ్రంలోనూ ట్యాప్ మరోసారి నెమ్మదిగా నడపండి.

ఇప్పుడు చెక్క

బాడీ 45 మి.మీ. మందం. టేకు అందుబాటులో ఉందని చాలామంది వాడతారు. మామూలు సైజు బాడీ టేకుతో రెండున్నర కిలోలు దాటుతుంది, ఇత్తడి కలిస్తే భుజానికి భారం. మహాగని తేలిక. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ కూడా బాగా ఆరితే మంచి బాడీ చెక్క. ఏదైనా సరే తేమ 10 శాతం లోపు ఉండాలి. బొబ్బిలి వీణలు చేసే పనస కూడా నాదానికి పేరున్న చెక్కే, కాకపోతే బరువు ముందే తూచుకోండి. టేకు అతికించే ముందు అతుకు ముఖాలను అసిటోన్‌తో తుడిచి వెంటనే జిగురు పెట్టాలి, లోపలి నూనె జిగురును పట్టనివ్వదు.

నెక్ చెక్క పోగు నిటారుగా, ముడులు లేకుండా ఉండాలి. ఆరు తీగలూ కలిపి సుమారు 46 కిలోల బరువుతో లాగుతుంటాయి. 19 మి.మీ. నెక్ ముక్క, దాని మీద 6 మి.మీ. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్, మధ్యలో రెండు వైపులా పనిచేసే 440 మి.మీ. ట్రస్ రాడ్. గాడి కొలత రాడ్ చేతికొచ్చాకే, కదలకుండా, అలాగని బలవంతం లేకుండా పట్టేంత. వదులైతే కొన్ని స్వరాలకు లోపల గలగలలాడుతుంది, అతికించాక దాన్ని బయటికి తీయలేరు.

ఫ్రెట్ల దూరానికి సూత్రం: మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. 648కి 1వ ఫ్రెట్ నట్ నుంచి 36.37, 5వది 162.55, 7వది 215.51, 12వది సరిగ్గా 324, 22వది 466.16 మి.మీ. ఇలా మొత్తం పట్టిక వేసుకుని అన్నీ నట్ నుంచే కొలవండి. ఒక ఫ్రెట్ నుంచి మరోదానికి కొలుస్తూ పోతే చిన్న తప్పులన్నీ చివరికి పోగవుతాయి. రంపపు గాడి వెడల్పు 0.6 మి.మీ.కు మించితే ఫ్రెట్లు లేస్తాయి.

నెక్ పాకెట్ లోతు నిర్ణయించేది బ్రిడ్జే. లెక్క ఇలా ఉంటుంది: పీట 3, గొట్టం 8, కింద ఖాళీ 2, మొత్తం తీగ బాడీ నుంచి 13 మి.మీ. ఎత్తున ఉంటుంది. నెక్ మడమ 25 మి.మీ., పాకెట్ 16 అయితే ఫ్రెట్‌బోర్డ్ బాడీ కంటే 9 పైన, ఫ్రెట్ 1.1, బ్రిడ్జి దగ్గర తీగకూ ఫ్రెట్ల సమతలానికీ మధ్య సుమారు 3. కలిపితే 13 చిల్లర, సరిపోయింది. పాకెట్ 18 తవ్వితే గొట్టాన్ని దాదాపు పీటకు తగిలేదాకా దించాల్సి వస్తుంది, ఆపైన దించే చోటుండదు. మీ బ్రిడ్జి అసలు కొలతలతో ఈ లెక్క మళ్లీ వేసి, పాకెట్‌ను ముందు 15.5 వరకే తవ్వి ఆగండి. తక్కువ తవ్వితే మళ్లీ తవ్వొచ్చు.

నెక్ బిగించే స్క్రూలు 4.2 × 45 మి.మీ. బాడీలో 4.5 మి.మీ. రంధ్రం, నెక్‌లో 3 మి.మీ. రంధ్రం వేసి, స్క్రూకు సబ్బు రాసి తిప్పండి. బాడీ రంధ్రంలో కూడా మర పట్టేస్తే నెక్‌కూ పాకెట్‌కూ మధ్య సందు మిగిలిపోతుంది, స్క్రూలు ఎంత బిగించినా పోదు.

బ్రిడ్జి స్థానం

నెక్ బిగించాక నట్ రెండు చివరి గాళ్ల నుంచి సన్నని నైలాన్ దారాలు లాగి బ్రిడ్జి మీది 1వ, 6వ తీగల రంధ్రాలకు కట్టండి. ఫ్రెట్‌బోర్డ్ అంచుకూ దారానికీ మధ్య దూరం ఇరువైపులా సమానంగా వచ్చేదాకా పీటను పక్కకు జరపండి. బాడీ మధ్య గీతను నమ్మకండి, నెక్ ఏ కాస్త వాలినా అది తప్పు చెబుతుంది. పొడవు వైపు: నట్ నుంచి తీగల రంధ్రాల వరుస 666 మి.మీ. దగ్గర ఉంచితే 1వ తీగ గొట్టం 650 చుట్టుపక్కల నిలుస్తుంది, ముందుకూ వెనక్కూ జరగడానికి చోటుంటుంది.

బాడీలో తీగల దారులు 5 మి.మీ. బిట్‌తో తొలవండి. 45 మి.మీ. చెక్కలో డ్రిల్ కొద్దిగా పక్కకు పోవడం మామూలే. పైన పీట, కింద దిమ్మ రెండూ ఆ రంధ్రాలను కప్పేస్తాయి, తీగ వరుసను నిలిపేది లోహమే. విడివిడి ఫెరూళ్ల (ఒక్కో తీగ గుండును పట్టే చిన్న లోహపు గిన్నెలు) బదులు దిమ్మ చేయడంలో ఉన్న సుఖం ఇదే. బాడీ వెనక దిమ్మకు 6 మి.మీ. లోతు గాడి తవ్వి కూర్చోబెట్టండి.

బ్రిడ్జి పికప్ దగ్గర తీగల మొత్తం వెడల్పు 51.5 మి.మీ. దగ్గర ఉంటుంది, కాబట్టి పోల్ ముక్కల (ఒక్కో తీగ కింద ఉండే లోహపు ముక్కలు) వెడల్పు 51–52 ఉన్న హంబకర్, అంటే రెండు కాయిళ్ల పికప్, తీసుకోండి.

వైరింగ్, భూమి తీగ

రెండు 500 కిలో ఓం పాట్లు, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్, మోనో జాక్. హంబకర్ బదులు సింగిల్ కాయిల్ అయితే పాట్లు 250 కిలో ఓం.

లోహం ఎక్కువున్న గిటార్‌లో ప్రతి భాగమూ భూమికి కలిసి ఉండాలి, లేదంటే ముట్టుకున్నప్పుడల్లా టప్‌మని శబ్దం, లేదా ఆగని హమ్. బ్రిడ్జి పీటకు టంకం వేయాలని చూడకండి, అంత ఇత్తడి వేడిని పీల్చేసి టంకం పట్టదు. బాడీలోంచి సన్నని రంధ్రం తొలిచి, పై తొడుగు తీసిన వైరు చివరను పీట కింద చదునుగా పరిచి పైన బిగిస్తే చాలు. పీట అడుగున లాకర్ పూత ఉంటే ఆ చోట గీకేయండి. అల్యూమినియం ప్లేటుకు అనోడైజింగ్ చేయించి ఉంటే అది విద్యుత్తును మోయదు, అక్కడా గీకాలి. మల్టీమీటర్ ఒక కొన జాక్ బయటి పలకకు, రెండోది వరసగా పీట, గొట్టాలు, తీగలు, ప్లేటు, నాబ్ స్క్రూలకు పెట్టి చూడండి. అంతటా 1 ఓం లోపు రావాలి.

తీగలు బిగించాక

ముందు నెక్ వంపు: 1వ, 22వ ఫ్రెట్ల దగ్గర నొక్కి పట్టి 7వ ఫ్రెట్ మీద సందు 0.2 మి.మీ. ఉండేలా ట్రస్ రాడ్ తిప్పండి, ఒకసారికి పావు చుట్టు మించకుండా. తర్వాత నట్: తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కితే 1వ ఫ్రెట్ మీద సన్నని కాగితం పట్టేంత సందు మిగలాలి. ఆ తర్వాతే గొట్టాల ఎత్తు: 12వ ఫ్రెట్ దగ్గర 1వ తీగ 1.6, 6వ తీగ 2 మి.మీ. ఈ వరుస మారిస్తే చేసిందే మళ్లీ చేయాలి.

ఇంటొనేషన్‌కు 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ మీద నొక్కిన స్వరం పోల్చండి. నొక్కింది హెచ్చుగా ఉంటే గొట్టం వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు. జతలో ఒకటి కుదిరి రెండోది మూడు నాలుగు సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తేడా ఉంటే వదిలేయండి, చెవికి అందదు. అంతకు మించితే గొట్టం వాలు తప్పు దిశలో ఉందేమో, 4–3 గొట్టం చోట మరొకటి పడిందేమో చూడండి.

ఒకే స్వరం దగ్గర లోహపు జర వస్తుంటే ఎత్తు స్క్రూలను ఒక్కొక్కటిగా వేలితో నొక్కి వాయించండి. నొక్కగానే ఆగిన చోటే దోషం, రెండు స్క్రూలలో ఒకటి పీటకు ఆనడం లేదన్నమాట. మర వదులైతే ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసి ఆరనివ్వండి, కావాలనుకున్నప్పుడు ఊడి వస్తుంది. శ్రుతి చేసేటప్పుడు నట్ దగ్గర టిక్కుమంటే గాడి ఇరుకు: తీగ తీసి రెండు రుద్దులు రుద్ది, పెన్సిల్ ములికి పూయండి.

రెండు వారాలయ్యాక నెక్ స్క్రూలు, పీట స్క్రూలు మరోసారి బిగించి, నెక్ వంపు మళ్లీ కొలవండి. కొత్త చెక్క తీగల లాగుడుకు అప్పటికి సర్దుకుంటుంది, ఎత్తు కూడా కాస్త మారుతుంది. చివరి ఇంటొనేషన్ ఆ తర్వాతే, కొత్త తీగలు వేసి చేయాలి.